కెయ్‌తాయ్ చక్రవర్తి చరిత్రము : సాక్ష్యవిమర్శనము

జపాను రాజవంశావళిలో 26వ వాఁడుగా గణింపఁబడు కెయ్‌తాయ్ చక్రవర్తి క్రీ. శ. 6వ శతాబ్ది పూర్వభాగమున యమాతో రాజ్యము నేలినవాఁడు. ఇతఁడు రాజ్యము చేసె ననుటలో విమర్శకులకు వివాదము లేదు. కాని యితఁ డెవ్వరి వంశమువాఁడు, ఎట్లు సింహాసన మెక్కెను, ఎన్నఁడు మరణించెను, ఎచ్చట సమాధి చేయఁబడెను అను నీ నాలుగు ప్రశ్నలలో నొక్కదానికైనను ప్రాచీన సాక్ష్యము లేకకంఠముగ నుత్తరము చెప్పవు. ఇట్టి చరిత్రము దొరికినపుడు విమర్శకునకు రెండు సులభమార్గములు గలవు. గ్రంథమునం దున్నదంతయు నిజమని యంగీకరించుట మొదటిది. అంతయుఁ గల్పితమని త్రోసివేయుట రెండవది. ఈ రెండును శ్రమను దప్పించునవియే గాని సత్యమును దెలుపునవి కావు. ప్రతిసాక్షియు దేనిని దెలిసికొనఁగలిగిన వాఁడో, దేనిని జెప్పఁ గోరినవాఁడో విచారించి, ఆ మేరకే వాని మాటను గైకొనుట మూఁడవ మార్గము. కెయ్‌తాయ్ చరిత్ర మీ మూఁడవ మార్గమునకు మంచి పరీక్షాస్థలము.

ఈ రాజును గూర్చి చెప్పు ప్రధానగ్రంథములు రెండు. 712వ సంవత్సరమున ఓ నో యసుమారో సమర్పించిన కోజికి యొకటి. 720వ సంవత్సరమునఁ దోనేరి రాజకుమారుని యాధ్వర్యమున ముగిసిన 30 సంపుటముల నిహోన్ షోకి రెండవది. అనఁగా రాజు గతించిన సుమారు 180 సంవత్సరములకుఁ బిమ్మట రాజాస్థానముననే, రాజాజ్ఞచేతనే యీ రెండును రచితము లైనవి. నిహోన్ షోకి 17వ సంపుటమంతయు నీ రాజునకే వినియోగింపఁబడినది. కోజికి మాత్రము వంశవివరములను, ఒక తిరుగుబాటును, మరణమును గొలఁది పంక్తులలోఁ జెప్పి విరమించినది.

ఆ రాజు జీవించియున్న కాలమున నతనికిఁ గెయ్‌తాయ్ అను పేరు లేదు. అప్పటి ప్రభువులు 'మహారాజు' అను నర్థము గల బిరుదమునే ధరించిరి. చక్రవర్తి యని యిప్పుడు మనవారు వ్యవహరించు 'తెన్నో' శబ్దము తరువాతి కాలమునఁ బుట్టినది. అతని నిజనామము వోహోదో. 8వ శతాబ్దిలో ఓమి నో మిఫునే (722-785) యను పండితుఁడు పూర్వరాజులకుఁ జీనాభాషాపద్ధతిని మరణానంతరనామముల నిడెనని ప్రతీతి. ఆ సందర్భముననే వోహోదోకుఁ గెయ్‌తాయ్ అను పేరు గలిగినది. వంశదేహమును గొనసాగించినవాఁ డని దాని యర్థము. తండ్రి తరువాతఁ గుమారుఁడు నిర్వివాదముగ రాజైనచోట నిట్టి పేరు పెట్టవలసిన యక్కఱ యుండదు. ఆ పేరే యొక సమాధానము; సమాధాన మున్నదన్నచోఁ బ్రశ్నయు నుండెనని వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

నిహోన్ షోకిలోని కథ యిట్లున్నది. 506లో బురెత్సు రాజు సంతానహీనుఁడై గతించెను. ప్రధానసామంతుఁడగు ఓతోమో నో కనమురా మొదటఁ దంబా ప్రాంతమున నున్న యమాతోహికో యను రాజవంశీయునిఁ దోడ్కొని రా సేనను బంపెను. ఆతఁడు దూరమునుండి యా సేనను జూచి, తన్నుఁ జంప వచ్చుచున్నారని భయపడి కొండలలోనికిఁ బాఱిపోయెను. పిమ్మటఁ బ్రధానులు ఎచిజెన్ సీమలోని మికునియం దున్న వోహోదోకు వర్తమాన మంపిరి. వోహోదో తండ్రియగు హికోఉషి బివా సరస్సు పడమటి తీరమున ఓమి సీమలో నివసించినవాఁడు. బాల్యముననే తండ్రి చనిపోఁగాఁ దల్లి ఫురిహిమే బిడ్డను దన పుట్టినిల్లగు ఎచిజెన్‌నకుఁ గొనిపోయి పెంచినది. వర్తమానమును నమ్మవలెనా వలదా యని వోహోదో సందేహించుచుండఁగా, కవచి సీమయందు గుఱ్ఱముల మేపు కులమునకు నాయకుఁడగు అరాకో రహస్యముగ దూతను బంపి యథార్థమును దెలిపెను. అంత వోహోదో బయలుదేఱి 507లో కుసుబాయం దభిషిక్తుఁ డయ్యెను. అప్పటికి వయస్సు 58 సంవత్సరములు. గతించిన బురెత్సు రాజు సోదరియు, నిన్కెన్ రాజు కూఁతురును నగు తషిరాకాను బట్టపురాణిగఁ జేసికొనెను.

ఈ కథయందు రెండు తెఱఁగుల సామగ్రి కలిసియున్నది. అభిషేకమునకు ముందు వోహోదో పడమటికిఁ దిరిగి మూఁడుమాఱులు, దక్షిణమునకుఁ దిరిగి రెండుమాఱులు రాజ్యమును వలదన్నట్లు వ్రాయఁబడినది. చీనాదేశపు హాన్ వంశచరిత్రమున వెన్ చక్రవర్తి సింహాసన మెక్కిన ఘట్టమునందును నీ దిక్కులే, యీ సంఖ్యలే యున్నవి. వెన్ చక్రవర్తియు దూరదేశమునుండి పిలువఁబడి రాజైనవాఁడే. కావున సంపాదకులు తమ రాజునకుఁ దగిన పోలికను వెదకి యా వస్త్రము నీతనికిఁ దొడిగిరని స్పష్టము. బురెత్సు రాజును గూర్చిన క్రూరకృత్యముల పట్టికయు నిట్టిదే. నిహోన్ షోకి యతనిని బరమదుర్మార్గునిగఁ జిత్రించుచుండఁగాఁ గోజికి యట్టి మాట నొక్కదాని నైనను జెప్పలేదు. వంశాంతమున నొక దుష్టుఁడు, నూతనశాఖకు మూలముగ నొక ధర్మాత్ముఁడు నుండవలెనను చీనాచరిత్రకారుల సంప్రదాయమును సంపాదకు లనుసరించిరి. ఈ భాగములను జరిగిన సంగతులుగఁ గైకొనరాదు.

కాని పాఱిపోయిన రాజకుమారుఁడును, గుఱ్ఱములవారి నాయకుఁడును నే పూర్వగ్రంథ ప్రశస్తికొఱకుఁ జేర్పఁబడిరి? వీరివలన రాజునకుఁ గీర్తి యేమియుఁ గలుగదు. పైఁగా, తొలుత మఱియొకని వెదకి, వాఁడు దొరకనందున నీతనిని బిలిచిరనుట గౌరవమునకు లోపమే. రాజునకు మెఱుఁగు పెట్టు మాటలను శంకించుటయు, మెఱుఁగును దగ్గించు మాటలను సంపాదకు లేల విడువలేదో యాలోచించుటయు విమర్శకుని విధి. తాళపత్రప్రతులను సరిచూచు పండితులకీ న్యాయము క్రొత్తది కాదు. వ్రాయసకానికిఁ బ్రియమైన పాఠముకంటె వానికి గిట్టని పాఠమే మూలమునకుఁ జేరువయై యుండు ననుట వారెఱిఁగినదే.

వంశవిషయమున రెండు గ్రంథములును నొక్కమాటయే చెప్పుచున్నవి: వోహోదో ఓజిన్ రాజునకు 5వ తరమువాఁడు. కాని నడుమనున్న తరముల పేర్లను క్రమముగ రెంటిలో నేదియుఁ జెప్పదు. నిహోన్ షోకితోఁ గూడ నొక వంశవృక్షసంపుటము సమర్పింపఁబడినదని తెలియుచున్నది గాని యది నశించినది. 13వ శతాబ్దిలో ఉరాబే కనెకతా రచించిన నిహోన్ షోకి వ్యాఖ్యానమునందు 'జోగూకి' యను లుప్తగ్రంథమునుండి యొక భాగ ముదాహరింపఁబడినది. తరముల పేర్లు క్రమముగ నందే దొరకుచున్నవి. వ్యాఖ్యాత యర్వాచీనుఁడు గావున నీ సాక్ష్యమును దేలికగఁ ద్రోసివేయ వీలున్నట్లు తోఁచును. అయితే యందలి పేర్లను వ్రాయుటకు వాడఁబడిన చీనాలిపి సంకేతములు నిహోన్ షోకిలోని వానికంటెఁ బ్రాచీనములని భాషావేత్తలు నిరూపించిరి. కాఁబట్టి యా వంశావళి 7వ శతాబ్దినాఁటికే వ్రాఁతలో నుండెననుట యుక్తము. ఇంతవఱకే యీ సాక్ష్యము చెప్పఁగలది. వ్రాఁతలో నుండుట వేఱు. రక్తసంబంధము నిజమగుట వేఱు. 7వ శతాబ్ది రాజులందఱును వోహోదో సంతతివారే యగుటచేఁ దమ మూలపురుషుని ఓజిన్‌తోఁ గలుపుట వారి కవసరమై యుండవచ్చును. 20వ శతాబ్ది మధ్యభాగమున మిజునో యూ మొదలగు చరిత్రకారులు కెయ్‌తాయ్‌తో నొక నూతనవంశ మారంభమైనదని వాదించిరి. ఆ వాదమును బూర్తిగ స్థాపింపను, బూర్తిగఁ ద్రోయను జాలిన యాధారము లేదు. తషిరాకాతోడి వివాహము మాత్ర మొకసంగతిని దెలుపుచున్నది: పూర్వరాజవంశముతోఁ దల్లివైపు సంబంధము గల పుత్రుఁ డొకఁడు గావలెనని నాఁటివారు తలఁచిరి. ఆ పుత్రుఁడే పిమ్మట రాజైన కిమ్మెయ్.

అభిషేకానంతరచరిత్రమున మఱియొక విశేష మున్నది. రాజు నివాసము కుసుబానుండి 511లో త్సుత్సుకికిని, 518లో ఓతోకునికిని, 526లో యమాతో నడిబొడ్డుననున్న ఇవారేకును మాఱినదని నిహోన్ షోకి చెప్పుచున్నది. అనఁగా యమాతో రాజు యమాతోలోఁ బ్రవేశించుటకుఁ బందొమ్మిది యేండ్లు పట్టినది. మొదటి మూఁడు స్థలములును యోదో నదికిని దాని యుపనదులకును జేరువనున్నవే. యమాతోలో నతనికి విరోధు లుండిరని కొందఱును, నదీమార్గములపై నధికారమే యతని బలమని కొందఱును వ్యాఖ్యానించిరి. గ్రంథ మీ యాలస్యమునకుఁ గారణము చెప్పలేదు, దాఁచనును లేదు. పైఁగా, ఇవారే ప్రవేశము 7వ యేఁటనే జరిగినదని యొకప్రతి చెప్పుచున్నట్లు టిప్పణమునఁ జూపినది. ఈ టిప్పణము స్వల్పమే యైనను, సంపాదకుల ముందు భిన్నప్రతు లుండెననియు, తమకు సమ్మతముకాని పాఠమును వారు చెఱిపివేయలేదనియుఁ దెలుపుచున్నది.

ఈ గుణమే రాజమరణఘట్టమున సంపూర్ణముగఁ బ్రకటమగును. ఆ కాలమునఁ దూర్పుదేశములందు సంవత్సరములకుఁ బదింటిని బండ్రెండింటితోఁ గూర్చి చేసిన 60 పేర్ల చక్రము వాడుకలో నుండెను. ప్రభవాదిషష్టి నెఱిఁగిన తెలుఁగువారి కిందలి సౌకర్యమును జిక్కును దెలిసినవే. శకవర్షము లేక సంవత్సరనామము మాత్రమే చెప్పిన శాసనము నే యఱువదిలోఁ జేర్పవలెనో యితరసాక్ష్యమునుండి తేల్పవలసియుండును. వోహోదో మరణమునకు మూఁడు సంవత్సరములు చెప్పఁబడినవి. కోజికి టిప్పణము ప్రకార మది అగ్ని-మేషము, అనఁగా 527. అప్పటికి వయస్సు 43. నిహోన్ షోకి మూలము ప్రకార మది లోహ-వరాహము, అనఁగా 531, వయస్సు 82. నిహోన్ షోకియే యుదాహరించిన 'ఒక ప్రతి' ప్రకార మది వృక్ష-వ్యాఘ్రము, అనఁగా 534.

మొదట 527ను బరిశీలింతము. ఆ యేఁడు 4వ నెలలో రాజు గతించెనని కోజికి టిప్పణము. త్సుకుషి సీమలో ఇవాయి చేసిన తిరుగుబా టా యేఁడు 6వ నెలలో మొదలై మఱుసటియేఁ డణఁగినదని నిహోన్ షోకి. ఆ తిరుగుబాటు నణఁచినవాఁడు వోహోదోయే యని కోజికియు నొప్పుకొనుచున్నది. కావున రెండు గ్రంథముల కాలనిర్ణయము నొకచో నంగీకరించుట కుదరదు. వయస్సు లెక్కయు నిట్టిదే. 527లో 43 ఏండ్లవాఁడైనచో నతఁడు 485లోఁ బుట్టవలెను. నిహోన్ షోకి యతని కుమారుఁడగు అన్‌కాన్ 535లో 70వ యేఁటను, రెండవ కుమారుఁడగు సెన్‌కా 539లో 73వ యేఁటను మరణించిరని చెప్పుటచే, వా రిరువురును 466, 467 సంవత్సరములలోఁ బుట్టినవారగుదురు. తండ్రికంటెఁ గొడుకులు పెద్దవారు గాలేరు. ఒక గ్రంథమునుండి తండ్రి వయస్సును, వేఱొక గ్రంథమునుండి కొడుకుల వయస్సులను గైకొని కథ నల్లువారు దీనిని గమనింపవలెను.

ఇఁక 531కిని 534కును గల వివాదము. తరువాతి రాజగు అన్‌కాన్ ప్రథమవర్షము 534 అని నిహోన్ షోకియే చెప్పుచున్నది. 534లోనే తండ్రి మరణించె నన్నచోఁ గాలక్రమ మెట్టి లోపమును లేక యతికియుండెడిది. సంపాదకుల చేతిలో నట్టి ప్రతియు నుండెను. అయినను వారు దానిని మూలమునఁ జేర్పక 531ను గ్రహించిరి. అందువలన 532, 533 సంవత్సరములు రాజులేనివైనవి. తండ్రి మరణదినముననే కుమారునకు రాజ్య మిచ్చెనని వ్రాసినను నా ఖాళీ నిండలేదు. అతుకు నిచ్చు పాఠమును విడిచి యతుకని పాఠమును గ్రహించుటకుఁ గారణమును వారే చెప్పిరి. కొరియాలోని బేక్‌జే రాజ్యపు వృత్తాంతగ్రంథమున లోహ-వరాహవర్షమున జపాను ప్రభువును, యువరాజును, రాజకుమారులును గూడ మరణించిరని వినఁబడినట్లున్నదఁట. దాని ననుసరించి తాము 531ను నిర్ణయించితిమనియు, మున్ముందు సరిచూచువారు నిజమును దెలిసికొందురనియు సంపాదకుల యాశయము.

ఈ బేక్‌జే సాక్ష్యము నెంతవఱకు నమ్మవచ్చును? ఆ గ్రంథము నశించినది. నిహోన్ షోకిలోని యుదాహరణములే మిగిలినవి. 'జపాను', 'చక్రవర్తి' అను నర్థమున నందు వాడఁబడిన శబ్దములు 531నాఁటివి కావు. కావున నుదాహరించినవారో, అంతకుముందువారో మాటలను మార్చిరి. అయినను గాలగణనయందా రాజ్యపు వృత్తాంతములు గట్టివని మఱియొక నిదర్శనము భూమినుండియే లభించినది. బేక్‌జే రాజగు ముర్యోంగ్ 523వ సంవత్సరము 5వ నెలలో మరణించెనని నిహోన్ షోకి వ్రాసినది. 1971లో కొరియాలోని గోంగ్జూ నగరమున నా రాజు సమాధి యెవ్వరును దాఁకని స్థితిలో బయల్పడినది. అందలి శిలాఫలకము నాతఁ డా సంవత్సరమున, ఆ నెలలోనే మరణించెనని చెప్పుచున్నది. పదునాలుగు శతాబ్దులకు మించి మంటిలో నున్న ఱాయి గ్రంథముతో నేకీభవించినది. అట్లే 531లో గోగుర్యో రాజు చంపఁబడెనని బేక్‌జే వృత్తాంత ముదాహరించినదే భాగమున నున్నది. 1145లో ముగిసిన కొరియా చరిత్రమును నా రాజు మరణము నా సంవత్సరముననే యుంచినది.

కాని తమ రాజు మరణమును దాము వ్రాసికొనుటయు, సముద్రమున కావలి రాజు మరణమును విని వ్రాసికొనుటయు నొకటి గాదు. వృత్తాంతమే వినికిడి యని చెప్పుచున్నపుడు విమర్శకుఁడు దానిని గంటఁ జూచిన సాక్ష్యముగఁ జేయరాదు. ఇచ్చట సంపాదకుల యందొక లోపమును జూపవలసియున్నది. సాక్షి చెప్పిన రెండు మాటలలో సంవత్సరమును వారు గ్రహించిరి. యువరాజును రాజకుమారులును జనిపోయి రనుమాటను మూలమున విడిచిరి. అన్‌కాన్, సెన్‌కా యిరువురును బిమ్మట రాజ్యము చేసిరని వ్రాయువారికి రెండవమాట కుదరదు. సగము నమ్మి సగము విడుచుటకు వారు హేతువు చెప్పలేదు. అయినను విడిచిన సగమును గూడఁ జదువరి ముందుంచిరి. ఆ లోపమును నేఁడు చూపఁగలుగుట వారి నిజాయితీచేతనే.

ఈ రెండేండ్ల ఖాళీకిఁ దోడు మఱియొక చిక్కుగలదు. కిమ్మెయ్ 539లో రాజై 571లో గతించెనని నిహోన్ షోకి. షోతోకు రాజకుమారుని ప్రాచీనచరిత్ర మొకటి కిమ్మెయ్ 41 సంవత్సరము లేలెనని చెప్పుచున్నది. 571నుండి వెనుకకు లెక్కింప నతని ప్రథమవర్షము 531 అగును. గాంగోజి దేవాలయవృత్తాంతము 538వ సంవత్సరము కిమ్మెయ్ 7వ యేఁడనుటచే, నా లెక్కయు నించుమించుగ నక్కడికే చేరును. అనఁగా వోహోదో గతించిన వెంటనే కిమ్మెయ్ రాజై యుండవలెను. అన్‌కాన్, సెన్‌కాలకుఁ జోటు లేదు. 1928లో కితా సదాకిచి, రాజు మరణానంతరము రెండు రాజసభ లొక్కకాలమున నుండెనని యూహించెను. ఓవారి సీమ స్త్రీయగు మెనోకోహిమే కుమారులైన అన్‌కాన్, సెన్‌కా లొకవైపు. యమాతో రాజకన్యయగు తషిరాకా కుమారుఁడు కిమ్మెయ్ ఒకవైపు. 1952లో హయాషియా తత్సుసబురో దీనిని విస్తరించి యంతఃకలహము జరిగినదని ప్రతిపాదించెను.

ఈ సిద్ధాంతము చిక్కులనెల్ల నొక్కమాటతో విప్పుచున్నది. దాని బలమును, దానియందలి యపాయమును నదియే. అంతఃకలహమును బేర్కొన్న ప్రాచీనగ్రంథ మొక్కటియు లేదు. 41 సంవత్సరముల లెక్కయు బౌద్ధవిహారముల సంప్రదాయమునుండి వచ్చినది. బౌద్ధధర్మము 538లోఁ గిమ్మెయ్ కాలమున దేశమునకు వచ్చినదని యా సంప్రదాయము. నిహోన్ షోకి లెక్కప్రకారము 538 సెన్‌కా పాలనలోనిది. ధర్మాగమనమును గిమ్మెయ్‌తో ముడిపెట్టఁ గోరినవా రతని రాజ్యకాలమును వెనుకకు జరిపి యుండకూడదా? ఉండవచ్చును, ఉండకపోవచ్చును. కావున రెండు సభల వాదము సంభావ్యమే గాని సిద్ధము కాదు.

గ్రంథములు తేల్పలేని విషయమును వస్తువులు తేల్చునని కొందఱి నమ్మకము. వస్తువులకును వ్యాఖ్యానము కావలెననుటకు సుదా హచిమాన్ దేవాలయపు కంచుటద్దము దృష్టాంతము. అందు 48 అక్షరముల లేఖన మున్నది. వర్షము జల-మేషము, అది 443 గాని 503 గాని కావలెను. ఒషిసకా సౌధమున నున్న యొక రాజకుమారుని దీర్ఘాయువుకొఱకు 'షిమా' యనువాఁడు దానిని జేయించెను. ముర్యోంగ్ రాజు సమాధిఫలకమునందలి యతని పేరీ పేరుతో సరిపోవుచున్నది. అద్దములోని రాజకుమారుని పేరును వోహోదో యని చదివి, వర్షమును 503 అని గ్రహించినచో, అభిషేకమునకు నాలుగేండ్లు ముందే యతఁడు యమాతోలో నుండెనని యేర్పడును. ఎచిజెన్‌నుండి వచ్చిన కథయు, పందొమ్మిదియేండ్ల యాలస్యమును నొక్కపెట్టునఁ గదలిపోవును. కాని యా పేరు నక్షరములు పలికినట్లు చదివిన 'వో-ఓతో' యగును. వోహోదోలోని నడిమి యక్షరము నాఁడు పెదవులతోఁ బలుకఁబడు పకారమువంటిది. అది తరువాతఁ గాని హకారము కాలేదు. పూర్వపుఁ 'బాలు' కన్నడమున 'హాలు' అయిన తెఱఁ గెఱిఁగినవారికీ మార్పు సుబోధము. హకారము జాఱిపోవచ్చును గాని, పెదవులతోఁ బలుకు పకార మా కాలముననే మాయమయ్యె ననుటకు నిదర్శనము గావలెను. ఈ యాక్షేపమునకుఁ దృప్తికరమైన సమాధానము వచ్చువఱకు నద్దమును సాక్షిపీఠ మెక్కింపరాదు.

సమాధివిషయమున మాత్రము వస్తుసాక్ష్యమును గ్రంథసాక్ష్యమును జక్కగఁ గలసినవి. రాజు మిషిమా ప్రాంతమునఁ బూడ్పఁబడెనని రెండు ప్రాచీనగ్రంథములును జెప్పును. ఇబరాకి నగరములోని ఓతా చాఉసుయామా యను 226 మీటర్ల దిబ్బ రాజప్రభుత్వముచే నతని సమాధిగ నిర్ణయింపఁబడి, యిప్పటికిని రాజగృహవ్యవహారశాఖ రక్షణలోనే యున్నది. ఆ దిబ్బనుండి లభించిన హనివా యను మట్టిబొమ్మల రీతి 5వ శతాబ్ది మధ్యభాగమునకుఁ జెందినది. 927లో ముగిసిన యెంగిషికి యను రాజవిధానగ్రంథ మా సమాధి షిమాకమి మండలమున నున్నదని చెప్పుచుండఁగా, నీ దిబ్బ షిమాషిమో మండలములోనిది. షిమాకమి మండలమున, నేఁటి తకత్సుకి నగరములో, ఇమషిరోజుకా యను మఱియొక దిబ్బ గలదు. దిబ్బ పొడవు సుమారు 190 మీటర్లు. రెండు కందకములతోఁ గూడ 350 మీటర్లు. 1997నుండి జరిగిన త్రవ్వకములలో, 200కు మించిన హనివాలు వరుసలుగ నిలిపిన యుత్సవస్థలము బయల్పడినది. కాలము 6వ శతాబ్ది పూర్వభాగము. ఇదియే వోహోదో సమాధియని పండితులలో నధికసంఖ్యాకు లంగీకరించిరి. రాజసమాధిగ నిర్ణయింపఁబడిన దిబ్బను ద్రవ్వ ననుమతి లేదు. నిర్ణయము తప్పగుటచేతనే నిజమైన సమాధిని ద్రవ్వ వీలైనది.

ఇమషిరోజుకాలో మూఁడు తెగల ఱాతితోఁ జేసిన శవపేటికల ముక్కలు దొరకినవి. మూఁడు పేటిక లుండెనని దీనివలన నూహింపవచ్చును. రాజును, యువరాజును, రాజకుమారులును గూడ మరణించి రను బేక్‌జే వినికిడితో దీనిని జోడింప మనసగును. ఆ మనస్సు నాపుకొనుటయే విమర్శ. ముక్క లెవ్వరి పేటికలవో, ఏయే కాలములలో లోని కుంపఁబడినవో చెప్పు లేఖన మొక్కటియు లేదు. కోరిన యర్థమునకే ఱాతిని సాక్షిగఁ బిలుచుట, కోరిన పాఠమునకే ప్రతిని దిద్దుటవంటిది.

ఇంతవఱకు విచారించిన సాక్ష్యములవలన నేర్పడునది యిది. వోహోదో యనురాజు 6వ శతాబ్ది పూర్వభాగమున యమాతో నేలెను, దూరసీమనుండి వచ్చెను, పూర్వరాజవంశకన్యను వివాహమాడెను, ఇవాయి తిరుగుబాటు నణఁచెను, ఇమషిరోజుకాలోఁ బూడ్పఁబడె ననుట మిక్కిలి సంభావ్యము. అతఁడు ఓజిన్ సంతతివాఁ డనుట 7వ శతాబ్ది విశ్వాసము. 531 అతని మరణవర్షమని చెప్పుట కితరవర్షములకంటె నెక్కువ బలము గలదు. పిమ్మటి యేండ్లలో నేమి జరిగినదో తేలలేదు.

ఈ నిర్ణయములు స్వల్పములని తోఁపవచ్చును. కాని యీ మాత్రమును స్వేచ్ఛగఁ జెప్పు హక్కు జపానులో సులభముగ దొరకినది కాదు. 14వ శతాబ్దిలో నుత్తర దక్షిణ రాజసభలు రెంటిని సమానముగఁ బాఠ్యపుస్తకమునఁ జెప్పినందులకు 1911లో కితా సదాకిచి యుద్యోగమునుండి తొలఁగింపఁబడెను. 6వ శతాబ్దిలోను రెండు సభ లుండెనని పదునేడేండ్లకుఁ బిమ్మట వ్రాసినవాఁ డాతఁడే. కోజికి, నిహోన్ షోకులను విమర్శించిన త్సుదా సోకిచి గ్రంథములు 1940లో నిషేధింపఁబడినవి. 1942లో న్యాయస్థాన మాతనికి శిక్ష విధించెను. రాజవంశ గౌరవమును గాపాడుచున్నామని తలఁచిన యా పాలకులకంటె, రాజాజ్ఞచే వ్రాసిన 720నాఁటి సంపాదకులే సత్యమునకు నెక్కువ చోటిచ్చిరి. తమ రాజు మరణవర్షమును దాము నిశ్చయింపలేకపోతిమని రాజగ్రంథముననే వ్రాసి, సరిచూచుపనిని రాఁబోవు తరములకు విడిచిరి. ఆ గ్రంథమునఁ గథ నున్నగ సాగినచోటులు చీనాగ్రంథములనుండి యెరువు తెచ్చినవి. పాఠభేదములతో గరుకైనచోటులే నేఁటివఱకుఁ బరీక్షకు నిలిచినవి. తమ చేతి ప్రతులలోని భేదములను జెఱుపక చూపు ప్రతి పరిష్కర్తకు నిది ధైర్యము నీయఁదగిన దృష్టాంతము.